ఇంటిల్లిపాదీ ఫొటోకు ఏం కట్టుకుందాం?

షష్టిపూర్తో, గృహప్రవేశమో, పెళ్లో వస్తే తప్ప ఇంటిల్లిపాదీ ఒక్కచోట చేరే రోజులు తగ్గిపోయాయి. ఒక కొడుకు సోలాపూరులో, ఇంకొకడు పుణెలో, కూతురు హొసూరులో, తమ్ముడి కుటుంబం బరంపురంలో. అందుకే అందరూ కలిసిన ఆ ఒక్కరోజున మంచి ఫొటో ఒకటి తీయించుకోవాలనుకుంటాం. స్టూడియోకు ఫోన్ చేస్తాం, లేదా ఫొటోగ్రాఫర్‌నే ఇంటికి రమ్మంటాం. పని అయిపోయిందనుకునేలోగా అసలు ప్రశ్న ఇంటి వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది: ఎవరు ఏం కట్టుకోవాలి?

చూడటానికి ఇది చిన్న విషయమే. తెలుగు రాష్ట్రాల బయట తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు మాత్రం అంత చిన్నది కాదు. మన పిల్లల్లో చాలామంది బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకుంటున్నారు. తాతయ్య తెలుగులో రాసిన ఉత్తరం వాళ్ల చేతికిస్తే చదవలేకపోవచ్చు. గోడమీది ఫొటోకు ఆ ఇబ్బంది లేదు. నాయనమ్మ చీర, తాతయ్య పంచెకట్టు, పక్కన నిలబడ్డ కోడలి కొంగు చూస్తే ఆ ఇల్లు ఎక్కణ్నుంచి వచ్చిందో, ఎక్కడ వేళ్లూనుకుందో ఒక్క అక్షరం రాకపోయినా కొంత తెలుస్తుంది. కాబట్టి ఆ రోజు కట్టుకునే బట్ట కాస్త ఆలోచించి ఎంచుకోవాల్సిందే. ఎలా ఎంచుకోవాలో, కెమెరా ముందు ఏది నిలుస్తుందో, ఏది నిలవదో ఇక్కడ వివరిస్తున్నాం.

ఒకే రంగు సెట్టు ఎందుకు వద్దంటున్నాం

ఈమధ్య బట్టల దుకాణాల్లో కుటుంబం మొత్తానికీ ఒకే గుడ్డతో సెట్లు అమ్ముతున్నారు. తండ్రికీ కొడుక్కీ చొక్కాలు, తల్లికి చీర, కూతురికి పావడ. నలుగురున్న ఇంటికి అది ముచ్చటగానే ఉంటుంది. పద్నాలుగు మంది నిలబడే ఫొటోకు మాత్రం మూడు చిక్కులున్నాయి.

మొదటిది, మనుషులు ఒకరిలో ఒకరు కలిసిపోతారు. పక్కపక్కన నిలబడినవాళ్ల బట్ట రంగు ఒకటే అయితే ఒకరి భుజం ఎక్కడ ముగిసిందో, ఇంకొకరిది ఎక్కడ మొదలైందో తెలియదు. దూరం నుంచి చూస్తే ఒక పెద్ద రంగు ముద్ద మీద తలలు అతికించినట్టు ఉంటుంది.

రెండోది, అందరికీ నప్పే రంగు ఒకటి ఉండదు. పదేళ్ల మనవరాలికి బాగున్న గులాబీ రంగు ఎనభై ఏళ్ల తాతయ్యకు ఇబ్బందిగా ఉండొచ్చు. ఇబ్బంది పడుతున్న మనిషి ముఖం ఫొటోలో ఇట్టే దొరికిపోతుంది.

మూడోది ఖర్చు. తలకు 1,500 రూపాయలు అనుకున్నా పద్నాలుగు మందికి 21,000 అవుతుంది. ఆ రోజు తర్వాత ఆ బట్ట చాలామంది మళ్లీ వేసుకోరు. ఇంట్లో అందరి చేతిలోనూ డబ్బు ఒకేలా ఉండదు. సెట్టు కొందామని ఒకరు అనగానే, కొనలేని తమ్ముడు ఏదో ఒక సాకు చెప్పి ఫొటోకే రాకుండా ఉండిపోయే అవకాశం ఉంది. బట్టల కోసం మనిషి తగ్గిపోతే ఆ ఫొటో ఎందుకు?

మా సలహా సూటిగా చెబుతాం. వీలైనంతవరకు ఉన్న బట్టలతోనే కానివ్వండి. అందరిదీ ఒకే రంగు కానక్కర్లేదు, ఒకదానితో ఒకటి పొసిగితే చాలు. ఆ పొసగడం ఇంట్లో అందరికంటే పెద్దవారి బట్టతో మొదలుకావాలి.

పెద్దావిడ చీరతో మొదలుపెట్టండి

ఇందుకు రెండు కారణాలు. ఫొటోలో నడుమ కూర్చునేది పెద్దవాళ్లే, కాబట్టి చూసేవాళ్ల కన్ను ముందు పడేది వాళ్ల మీదే. పైగా కొత్తబట్టకు అలవాటు పడటం వాళ్లకు కష్టం. పాతికేళ్లుగా కట్టిన చీరలో అవ్వ ఎలా కూర్చుంటుందో, నిన్న కొన్న బరువైన చీరలో అలా కూర్చోలేదు.

కాబట్టి ముందు వాళ్లను అడగండి. “ఈ చీర కట్టుకో” అని చెప్పడం వేరు, “ఏం కట్టుకుంటావమ్మా?” అని అడగడం వేరు. వాళ్లు ఎంచుకున్నదాన్ని బట్టి మిగతావాళ్లు తమ రంగులు చూసుకోవాలి.

భర్త పోయిన పెద్దావిడ ఇంట్లో ఉంటే ఈ అడగడం ఇంకా ముఖ్యం. కొన్ని ఇళ్లలో ఆమె తరఫున మిగతావాళ్లే నిర్ణయించేస్తారు: లేతరంగు చీర చాలు, ఓ పక్కన నిలబడితే చాలు అని. ఇంకొన్ని ఇళ్లలో మనవలు ఉత్సాహం కొద్దీ ఎర్రంచు పట్టుచీర కట్టమని పట్టుబడతారు, ఆమెకు అది కష్టంగా ఉన్నా వినరు. రెండూ సరికాదు. రంగు ఆమె ఇష్టం. చోటు మాత్రం నడుమే. ముందు వరుసలో, కుర్చీలో, పక్కన మనవలతో కూర్చోవాలి. లేతరంగు చీరే ఎంచుకుంటే, ఆమె వెనక నిలబడేవాళ్లు కాస్త ముదురు రంగులు కట్టుకోండి. అప్పుడు ఆ లేతరంగే ఫొటోలో అన్నిటికంటే వెలుగుగా కనిపిస్తుంది.

పెట్టె తెరిచి చూడండి

మన ఇళ్లలో పెద్దవాళ్ల పెట్టెలో ఏముంటుందనేది స్థిరపడిన ఊరిని బట్టి మారుతుంది. బరంపురం వైపు ఇళ్లలో కుంభం అంచున్న బరంపురం పట్టు ఉంటుంది. సోలాపూరులోని పద్మశాలి కుటుంబాలు చాలావరకు తెలంగాణ నుంచి మగ్గం పనికోసం వెళ్లి స్థిరపడినవే. వాళ్ల ఇళ్లలో నారాయణపేట గళ్ల చీరా ఉంటుంది, మరాఠీవాళ్లు ఇర్కల్ అని పిలిచే ఇల్కల్ చీరా ఉంటుంది. చిత్రదుర్గ, బళ్లారి వైపు మొలకాల్మూరు పట్టు. తమిళనాట ఉన్నవాళ్ల దగ్గర కంచిపట్టుతో పాటు, తెలుగు మాట్లాడే దేవాంగులు ఎక్కువగా ఉండే చిన్నాళపట్టి నుంచి వచ్చిన సుంగుడి నూలు చీర. యానాంకు కాకినాడ దగ్గరే కాబట్టి అక్కడి ఇళ్లలో ఉప్పాడ జాందానీ.

వీటిలో కొన్ని చీరలకు ఇప్పటి రాష్ట్రాల సరిహద్దుల కంటే ఎక్కువ వయసుండొచ్చు. బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్లింది 1936 ఏప్రిల్ 1న. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు వైపు వెళ్లింది. యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది 1954లో. ఆ రోజుల్లో చాలా కుటుంబాలు ఊరు కదల్లేదు, సరిహద్దే కదిలింది. ముత్తవ్వ పెళ్లిచీర ఆనాటిదైతే, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత వివరంగా ఆ సంగతి మన పిల్లలకు చెబుతుంది.

అయితే పాత పట్టుతో ఒక జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత దగ్గరే పెళుసుబారి చిట్లుతుంది. కట్టుకునే ముందు వెలుతురులో విప్పి మడతల వెంట చూడండి. వెలుగు సన్నగీతలుగా కనిపిస్తే ఆ చీర కట్టుకోవద్దు. కుచ్చిళ్లు పోసి గట్టిగా దోపితే చిరిగిపోతుంది. దాన్ని అవ్వ కూర్చునే కుర్చీ వీపు మీద పరచొచ్చు, ఒళ్లో పెట్టుకోవచ్చు, లేదా అంచు కనిపించేలా మనవరాలి భుజం మీద తేలిగ్గా వేయొచ్చు. ఫొటోలో చీర ఉంటుంది, పెట్టెలోనూ మిగులుతుంది.

చీర గట్టిగానే ఉంటే రెండు రోజుల ముందే మడతలు విప్పి నీడలో ఆరేయండి. ఇస్త్రీ తక్కువ వేడిమీద, చీర తిరగేసి, పైన పలుచని నూలుగుడ్డ వేసి చేయాలి. పట్టుమీద నీళ్లు చిలకరించొద్దు, మరక పడుతుంది. మళ్లీ పెట్టెలో పెట్టేటప్పుడు పాత గీతలమీద కాకుండా మడత మార్చి పెట్టండి.

రంగులు ఎలా పంచుకోవాలి

పెద్దావిడ చీర తేలాక దానిలోంచే రెండు రంగులు తీసుకోండి. ఒకటి ఒంటిరంగు, రెండోది అంచు రంగు. వాటికి ప్రశాంతంగా ఉండే ఒక లేతరంగు కలపండి. మీగడ, గంధం, లేత బూడిద లాంటివి. ఈ మూడు రంగుల చుట్టూ మొత్తం కుటుంబాన్ని సర్దొచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. నాయనమ్మది వంగపండు రంగు చీర, ఆకుపచ్చ అంచు అనుకుందాం. తాతయ్యకు మీగడ రంగు లాల్చీ, సన్న జరీ అంచు పంచె. పెద్దకోడలికి ముదురాకుపచ్చ. చిన్నకోడలికి మెంతిరంగు. కూతురికి బచ్చలిపండు రంగు. కొడుకులిద్దరిలో ఒకరికి గంధం రంగు చొక్కా, ఇంకొకరికి లేత బూడిద. అల్లుడికి ముదురు నీలం. పెద్ద మనవరాలికి చిలకపచ్చ పావడ, మీగడ రంగు జాకెట్టు. చిన్నపిల్లలకు లేత పసుపు. ఇందులో ఏ ఇద్దరిదీ ఒకే బట్ట కాదు, అయినా అందరూ ఒక ఇంటివాళ్లని తెలుస్తుంది.

పంచుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ముదురు రంగులన్నీ ఒక పక్కకు, లేత రంగులన్నీ ఒక పక్కకు పోకూడదు. అలా పోతే ఫొటో ఒకవైపు ఒరిగినట్టు ఉంటుంది. చూసేవాళ్ల కన్ను ముందుగా అన్నిటికంటే తెల్లగా ఉన్నచోటికి వెళ్తుంది. చివర్లో నిలబడ్డ బావగారు ఒక్కరే మల్లెపువ్వు లాంటి తెల్లచొక్కా వేసుకుంటే అందరికంటే ముందు కనపడేది ఆయనే.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. అందరి బట్టలూ తెచ్చి, నిలబడబోయే వరసలోనే మంచం మీద పరచండి. కిటికీ వెలుతురులో ఫోనుతో ఒక ఫొటో తీసి, దాన్ని నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. రంగులు పోయాక ఎవరి బట్ట ఎంత ముదురో, ఎంత లేతో తేలిపోతుంది. రెండు బట్టలు ఒకే బూడిదలో కలిసిపోతే ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టకండి.

వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు తమ బట్టల ఫొటోలు గ్రూపులో పెట్టాలి. రాత్రి ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో ఆకుపచ్చ నీలంలా, గంధం రంగు పసుపులా కనిపిస్తుంది. పగలు, కిటికీ పక్కన, బట్ట పక్కనే ఒక తెల్లకాగితం పెట్టి తీయమనండి. కాగితం తెల్లగా కనిపిస్తే ఆ రంగును నమ్మొచ్చు. కాగితమే పచ్చగా కనిపిస్తే మళ్లీ తీయమనాలి.

కెమెరా చూసేది, కన్ను చూసేది ఒకటి కాదు

ఇంట్లో బాగా పాత నలుపు-తెలుపు ఫొటో ఉంటే ఒకసారి బయటికి తీయండి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాడిన ఫొటో పలకల్లో చాలావాటికి ఎరుపు కాంతి పట్టేది కాదు, నీలం మాత్రం ఎక్కువగా పట్టేది. అందుకే ఆ ఫొటోల్లో ఎర్రచీర నల్లగా, నీలం చీర వెలిసిపోయినట్టు తెల్లగా పడేది. ముత్తవ్వ నల్లచీర కట్టుకుని కూర్చుందని మనం అనుకుంటాం. అది నిజానికి మిరపపండు రంగు చీర అయివుండొచ్చు. వెనుక ఎవరూ రాసిపెట్టకపోతే ఇప్పుడు తేల్చే దారి లేదు.

ఇప్పటి కెమెరాలు అన్ని రంగులూ పట్టుకుంటాయి. అయినా వాటికీ కొన్ని పడనివి ఉన్నాయి.

సన్నగళ్లు, సన్నచారలు. కెమెరా లోపల వెలుగును పట్టే చుక్కలు వరసలు వరసలుగా ఉంటాయి. బట్టమీది సన్నటి గళ్లు ఆ వరసలతో దాదాపు సరిపోలితే, బట్టమీద లేని అలలు, రంగు చారలు ఫొటోలో పుట్టుకొస్తాయి. ఆఫీసుకు వేసుకునే సన్నచారల చొక్కాల మీదే ఇది ఎక్కువ. కొన్ని గళ్ల చీరల మీదా వస్తుంది. ఫోనుతో పది అడుగుల దూరం నుంచి తీసి చూడండి. అలలు కనిపిస్తే ఆ బట్ట పక్కన పెట్టండి. పెద్ద గళ్లతో, వెడల్పు చారలతో ఈ బాధ లేదు.

జరీ. జరీ దారం అద్దంలా పనిచేస్తుంది. కెమెరా మీదున్న ఫ్లాష్ నేరుగా పడితే అంచు తెల్లటి మచ్చగా మారుతుంది, నేత కనిపించదు. జరీ చీరలు ఎక్కువుంటే ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి. ఆయన వెలుగును పక్కనుంచి, గొడుగు వేసో తెర అడ్డం పెట్టో మెత్తగా చేస్తాడు. ఇంటిదగ్గరైతే ఎండ నేరుగా పడని వసారా మంచిది.

రెండు రంగుల పట్టు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నేసిన చీర, అంటే నెమలికంఠం లాంటిది, నిలబడే కోణాన్ని బట్టి మారుతుంది. కంటికి నీలంలా కనిపించింది ఫొటోలో పచ్చగా రావచ్చు. కట్టుకోకూడదని కాదు. దాని పక్కన ఏ రంగు ఉండాలో రెండింటినీ దృష్టిలో పెట్టుకుని చూసుకోవాలి.

మరీ ఎరుపు. కళ్లు జిగేల్మనే ఎరుపు కెమెరాలో నిండిపోతుంది, కుచ్చిళ్ల మడతలన్నీ పోయి చదునుగా కనిపిస్తుంది. ఎరుపే కావాలంటే కుంకుమ రంగు, ఇటుక రంగు లాంటి ముదురు ఛాయ తీసుకోండి.

తళతళలాడే గులాబీ, చిలకపచ్చ. ముఖానికి దగ్గరగా ఉన్న గాఢమైన రంగు గడ్డం కింద, మెడమీద ప్రతిఫలిస్తుంది. పిల్లను ఎత్తుకున్న తల్లి చీర రంగు పిల్ల బుగ్గమీదా పడుతుంది. అలాంటి రంగులు పావడకు వాడుకోండి, జాకెట్టుకు వద్దు.

మరీ తెలుపు, మరీ నలుపు. ఒకే ఫొటోలో పాలతెల్లని పంచె, పక్కన నల్ల కోటు ఉంటే రెండింటి వివరమూ కెమెరా పట్టుకోవడం కష్టం. పంచె నేత కనిపిస్తే కోటు నల్లటి మచ్చ అవుతుంది, కోటు కనిపిస్తే పంచె వెలిసిపోతుంది. తెలుపుకు బదులు మీగడ రంగు, నలుపుకు బదులు ముదురు నీలం తీసుకుంటే ఆ తంటా ఉండదు.

స్టూడియో తెర రంగు కూడా ముందే అడిగి తెలుసుకోండి. నీలం తెర ముందు నీలం చొక్కాతో నిలబడితే తల ఒక్కటే కనిపిస్తుంది.

మగవాళ్ల సంగతి

చీరల గురించి వారం రోజులు మాట్లాడుకుంటాం, మగవాళ్లకు మాత్రం “ఏదో ఒక చొక్కా” అని వదిలేస్తాం. ఫొటో చెడేది అక్కడే.

పంచె కట్టేవాళ్లు ఒకేలా కట్టుకోవాలని లేదు. తాతయ్యది గోచీ పంచె, కొడుకుది అడ్డపంచె అయినా బాగానే ఉంటుంది. కానీ కూర్చున్నప్పుడు మోకాళ్ల దగ్గర పంచె ఎలా పడుతుందో ముందే చూసుకోవాలి. గంజి ఎక్కువైతే కూర్చోగానే ముందుభాగం డొప్పలా లేచి నిలబడుతుంది. లోపలి బనియను కనిపించకుండా చూసుకోండి. చొక్కా జేబులో ఫోను, కళ్లజోడు డబ్బా, పెన్ను ముందే తీసేయండి.

తమిళనాట ఉన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి. అక్కడ పంచె అంచు రంగును బట్టి అది ఏ పార్టీదో చెప్పేస్తారు. కార్యక్రమాల్లో ఇచ్చిన పంచె బీరువాలో ఉంటుంది, తొందరలో చేతికి అదే వస్తుంది. యాభై ఏళ్లు గోడమీద ఉండే ఫొటోకు జరీ అంచో, సాదా అంచో ఎంచుకోండి. కండువాకూ ఇదే మాట వర్తిస్తుంది, ఏ రాష్ట్రమైనా.

ఎండలో నల్లబడే కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఆరుబయట ఫొటో అయితే పాత సాదా కళ్లజోడు తెచ్చుకోండి. లేకపోతే తాతయ్య కళ్లే కనిపించవు.

పిల్లలకు ముందు సుఖం, తర్వాత అందం

చిన్నపిల్లకు గరుకు జరీ పావడ వేసి అరగంట కూర్చోబెడితే ఏడుస్తుంది. ఏడ్చిన ముఖాన్ని ఏ బట్టా కాపాడలేదు. పట్టుపావడ వేసేటట్టయితే లోపల మెత్తని నూలు లంగా వేయండి. ఒకరోజు ముందు పది నిమిషాలు వేసి తిరగనివ్వండి. స్టూడియోకు మామూలు గౌనులో తీసుకెళ్లి, చివర్లో మార్చండి. తినిపించడమంతా ముందే అయిపోవాలి.

చొక్కాలమీద పెద్ద అక్షరాలు, సినిమా బొమ్మలు వద్దు. ఫొటో చూసేవాళ్లు పిల్లాడి ముఖం వదిలి చొక్కామీది అక్షరాలు చదువుతారు. కాళ్లకు మెరిసే లైట్ల బూట్లున్నా అంతే. కింద కూర్చునేవాళ్ల పాదాలు ఫొటోలో పడతాయి కాబట్టి అందరూ చెప్పులతోనా, వట్టికాళ్లతోనా అన్నది ముందే అనుకోండి. సగంమంది అలా, సగంమంది ఇలా ఉంటే అదొక్కటే కనిపిస్తుంది.

పుట్టింటి చీరకూ చోటుండాలి

మన ఇళ్లకు వేరే భాష ఇళ్లనుంచి కోడళ్లు, అల్లుళ్లు రావడం ఇప్పుడు మామూలే. ఫొటో రోజున “అందరం మన పద్ధతిలోనే కట్టుకోవాలి” అనే మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. మన పద్ధతి అంటే ఏది? మూడు తరాలుగా సోలాపూరులో ఉన్న ఇంట్లో అవ్వే తొమ్మిది గజాల ఇర్కల్ చీర కడుతూ ఉండొచ్చు. గంజాం వైపు పెద్దావిడ తల మీద కొంగు కప్పుకునే కూర్చుంటుంది. అది పొరుగువాళ్ల దగ్గర నేర్చుకున్నదే, ఇప్పుడు ఆ ఇంటిదే. ఇల్లు నిలబడింది అలా ఇచ్చిపుచ్చుకుంటేనే.

కాబట్టి మరాఠీ కోడలు పైఠణీ కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి. ఒడియా కోడలు సంబల్‌పురీ తెచ్చుకుంటే రానివ్వండి. రంగు మాత్రం మిగతావాటితో పొసిగేలా తనే చూసుకుంటుంది. ఈ చీరలకు అందం కొంగులోనే ఉంది. పైఠణీ కొంగు మీద నెమళ్లు ఉంటాయి. ఇల్కల్ చీరలో కొంగు పడుగును ఒంటిభాగం పడుగుకు ఉచ్చులతో తగిలించి నేస్తారు, ఎర్రటి కొంగుమీద తెల్లటి నమూనా వస్తుంది. కొంగు వీపు వెనక్కి పోతే ఇదంతా ఫొటోలో పడదు. కూర్చున్నప్పుడు కొంగును ముందుకు తెచ్చి ఒళ్లో పరచుకుంటే సరిపోతుంది.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. ఎవరూ రోజూ కట్టని వేషాన్ని ఆ ఒక్క ఫొటోకోసం తెచ్చి వేయడం వద్దు. అద్దెకు తెచ్చిన తలపాగాలు, నాటకానికి వేసినట్టుండే నగలు పిల్లలకు తప్పుడు జ్ఞాపకాన్ని ఇస్తాయి. ఆ ఇంట్లో పండగకు నిజంగా కట్టే బట్టే ఫొటోకూ సరైన బట్ట. కూతురు చుడీదారులోనే హాయిగా ఉంటుందంటే చుడీదారే సరైనది.

ఆ రోజు చేయాల్సినవి

ఫొటో తీసే చోటికి చిన్న సంచి ఒకటి తీసుకెళ్లండి. అందులో పిన్నీసులు, సూదీ దారం, దువ్వెన, తడిగుడ్డ, ఒక అదనపు కండువా, పిల్లలకు ఒక జత బట్టలు ఉంటే చాలు. కారులో గంటసేపు కూర్చుని వచ్చిన పంచె, చీర నలిగిపోతాయి. దూరం ఎక్కువైతే అక్కడికి వెళ్లాకే కట్టుకోవడం మంచిది. గది ఉందో లేదో ముందే కనుక్కోండి.

ముందు అందరితో కలిపి తీయించుకోండి. పెద్దవాళ్లు అలిసిపోకముందే, పిల్లలు విసుక్కోకముందే అది అయిపోవాలి. ఆ తర్వాత జంటల ఫొటోలు, అన్నదమ్ములవి, మేనత్త-మేనకోడళ్లవి. ఒకే గుడ్డ సెట్టు ముచ్చట ఉన్నవాళ్లు అప్పుడు మార్చుకుని తమ నలుగురి ఫొటో తీయించుకోవచ్చు.

నిలబెట్టేటప్పుడు ఫొటోగ్రాఫర్ ఎత్తును చూస్తాడు. రంగులు చూడాల్సింది మనమే. ఇంట్లో ఒకరిని ముందే ఆ పనికి పెట్టండి. మంచం మీద పరిచినప్పటి ఫోను ఫొటో చేతిలో ఉంటే వాళ్లకు తేలిక.

వెనుక రాయకపోతే సగం పనే

ఫొటో కడిగి ఇంటికి వచ్చాక ఇంకొక పని మిగిలివుంటుంది. ఒక మంచి కాగితం మీద వరసగా ఎడమనుంచి కుడికి అందరి పేర్లూ, వరసలూ రాయండి. తేదీ, ఊరు రాయండి. బట్టల గురించీ రాయండి. నాయనమ్మది ఏ ఊరి చీర, ఎవరు పెట్టింది, ఏ సందర్భానికి కొన్నది, దాని అసలు రంగేమిటి. తాతయ్య కండువా ఎక్కడిది. కోడలి చీర ఎవరి చేత్తో వచ్చింది. రంగు ఫొటోలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ వెలుస్తాయి, కాబట్టి రంగు పేరు రాయడం వృథా కాదు.

ఇదంతా తెలుగులో రాయండి. కిందే పిల్లలకు వచ్చిన లిపిలో మళ్లీ రాయండి, కన్నడమైతే కన్నడంలో, ఒడియా అయితే ఒడియాలో. ఆ రెండో వరస పిల్లలచేతే రాయించండి. రాస్తూ రాస్తూ వాళ్లే అడుగుతారు, “బచ్చలిపండు రంగు అంటే ఏది?” అని. అప్పుడు అవ్వ పెట్టె తెరిచి చూపిస్తుంది.

ఆ కాగితాన్ని ఫ్రేము వెనుక అంటించండి. దాని ఫొటో కూడా ఫోనుతో తీసి, ఎక్కడెక్కడో ఉన్న అందరికీ పంపండి.